గోడ కింద నీళ్లు

జితేంద్ర వంశంలో పిల్లకి ఉయ్యాల కట్టేముందు జాగాకి ప్రహరీ కడతారని జర్మనీలో జిండెల్ఫింగెన్ ఊరి తెలుగువాళ్లు వేళాకోళమాడేవాళ్లు. వాళ్ల ముత్తాత స్వర్గానికి పోయి, తనకు చూపించిన చోటు చుట్టూ హద్దురాళ్లు పాతుకున్నాకే మంచినీళ్లు పుచ్చుకున్నాడట. ముత్తాతని చూసొచ్చినవాళ్లు లేరు గానీ, మునిమనవడి సంగతి మాత్రం అబద్ధం కాదు. తలుపు సరిగ్గా పడిందో లేదో కారు తనకు తానే కనిపెట్టేలా సాఫ్ట్‌వేర్ రాయడం ఫ్యాక్టరీలో అతని పని. ఇంటికొచ్చాక కూడా వీధి తలుపు, బాల్కనీ తలుపు, కింద సెల్లార్ గది తాళం వరసగా లాగి చూసుకుంటేగాని అన్నానికి కూర్చోడు. తాళం వేసిన తలుపుని కూడా ఇంకోసారి అడిగి కనుక్కునే రకం అనేది పెళ్లాం ఉదయశ్రీ.

అలాంటి మనిషికి జర్మనీలో దొరికిన నేల ముక్క గోడ కట్టడానికి వీల్లేనిది. ఊరి చివర రైలుకట్ట పక్కన తోటల సంఘం ఒకటుంది. ఫెరైన్ అంటారు. ఇంటికొక నేల చెక్క ఇస్తారు. అందులో కూరలు పెంచుకోవచ్చు, పూలు పెంచుకోవచ్చు, ఎండపొద్దున కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. చెక్కకీ చెక్కకీ మధ్య నడుమెత్తు మొక్కల కంచె ఉండాలి. అంతకు జానెడు పెరిగినా సంఘం పెద్ద కెస్లర్ కత్తెర పట్టుకొచ్చి, ఏమీ అనకుండా, కంచె పక్కన నిలబడతాడు. ఆ నిలబడటమే తిట్టు. మొదటి ఏడాది జితేంద్ర తన గోంగూరని ఎవరెత్తుకుపోతారోనని పొద్దునే లేచి ఆకులు చూసొచ్చేవాడు. గోంగూర జోలికి పోవాలంటే ముందు అదేమిటో తెలియాలి గదా. ఎవరూ పోలేదు.

పక్క చెక్క కడెక్‌ది. ఆవిడ బాలి మనిషి. ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సు. మగడు పోయాక ఆ తోటే తోడు. జితేంద్ర వాళ్ల బిల్డింగులోనే కింది వాటాలో ఉంటుంది. ఉదయశ్రీ ఆవిడని అక్కా అని పిలవడం, ఆవిడ జితేంద్రని తమ్ముడూ అనడం ఆ తోటలోనే మొదలైంది. మిగిలిన మాటంతా జర్మన్‌లోనే. రెండు చెక్కల మధ్య కంచెలో మొక్క చచ్చి ఒకచోట సందు పడింది. ఆ సందులోంచి కరివేపాకు మొక్క ఇటునుంచి అటు పోయింది, నిమ్మగడ్డి అటునుంచి ఇటు వచ్చింది. పొద్దునపూట కడెక్ అరిటాకు ముక్కతో చిన్న దొన్నె కుట్టి, నాలుగు పూలు, నాలుగు మెతుకులు పెట్టి, ఆ సందులోనే నేలమీద ఉంచేది. అది తనకే అనుకుని ఉదయశ్రీ మొదట్లో ఎత్తుకెళ్లి దేవుడి దగ్గర పెట్టుకునేది. చాలా రోజులకి తెలిసింది అది నేలకి పెట్టిందని. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

కడెక్ కబుర్ల మనిషి. వాళ్ల ఊళ్లో సభ జరిగే చావడి పక్కన ఎత్తయిన మంచె ఉందట. దానికి పనసదుంగ తొలిచి చేసిన డోలు వేలాడుతుంటుందట. మెల్లగా కొడితే సభ. గుక్క తిప్పుకోకుండా కొడితే దొంగో, నిప్పో, ప్రాణం మీదికొచ్చిన సంగతో. ఆ మోత చెవిన పడితే ఇంటికొక మనిషి పరిగెత్తాలి, చేతిలో ఏముంటే అదే పట్టుకుని. వాళ్ల తాత కాలంలో ఒకడు ఆవుని తోలుకుపోతుంటే డోలు మోగింది. అన్నం వడ్డిస్తున్నావిడ గరిటెతో వచ్చింది. గడ్డం గీయించుకుంటున్నవాడు ఒక చెంపకి నురగతో వచ్చాడు. ఆ హడావిడికి దొంగకి తానెవరో మతికి రాక, తానూ ఒక కర్ర పుచ్చుకుని తెల్లారేదాకా వాళ్లతో కలిసి దొంగని వెతికాడు. పొద్దున ఆవు వచ్చి అతని పక్కన నిలబడితేగాని బయటపడలేదు.

జితేంద్ర నవ్వి, మీ ఊళ్లో గోడలు లేవా అన్నాడు. ఉన్నాయి, ఇళ్ల చుట్టూ, అవి దయ్యాలకి అంది ఆవిడ. దొంగలకి డోలు ఉంది. పొలానికి గోడేమిటి తమ్ముడూ, పొలంలోంచి నీళ్లు పోవాలి గదా.

ఆ మాట ఆనాడే చెవికెక్కించుకుని ఉంటే ఈ కథ ఆవు దగ్గరే ఆగిపోయేది.

*

బుధవారం సాయంత్రం కడెక్ పైకొచ్చి బెల్లు కొట్టింది. ఎప్పుడూ బెల్లు కొట్టదు, వేళ్లతో తలుపు మీద దరువేస్తుంది. చెప్పులు విడిచి, పక్కపక్కనే సరిపెట్టి, సోఫా అంచుమీద కూర్చుంది. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, జేబుకి పేరు బిళ్ల అలాగే ఉంది. ఉదయశ్రీ టీ పెట్టింది. ఆవిడ కప్పు రెండు చేతులా పట్టుకుని తాగకుండా కూర్చుంది.

వచ్చిన పని వాళ్లన్న పుటూ సంగతి. ఊళ్లో పుటూకి వరిపొలం ఉంది. అందులో పై చెక్కని కిందటేడు జితేంద్రకి లీజుకిచ్చాడు. చెల్లెలి మాట మీద ఇచ్చాడు. రెండు గదుల ఇల్లు కట్టి వచ్చిపోయేవాళ్లకి అద్దెకివ్వాలని జితేంద్ర ఆలోచన. చూసుకునే పని పుటూదే. కొత్తవాళ్లకి పొలమివ్వడం ఊరికి నచ్చకపోతే, మా చెల్లెలి పక్కింటివాడు, రైతుబిడ్డ, నీళ్ల విలువ తెలిసినవాడు అని పుటూ సభలో లేచి పూచీపడ్డాడు. ఇల్లు ఇంకా పునాది కూడా పడలేదు. గోడ మాత్రం పూర్తయింది. మనిషిని మించిన ఎత్తు, పైన వరసగా సీసా పెంకులు. పెంకులెందుకని అక్కడి కాంట్రాక్టరు అడిగితే, జితేంద్ర జగిత్యాలలో తన మేనమామ ఇంటి ఫోటో పంపించాడు.

గోడ లేచినప్పుడు కోతలైపోయి కాలువ ఎండి ఉంది. మూరెడు వెడల్పు కాలువ, పై గట్టునుంచి దిగి, పుటూ చెక్కలోంచి పారి, కింద ఊరందరి మళ్లలోకి పోయేది. కాగితం మీద గీతకి కాలువలు కనపడవు. కాంట్రాక్టరు గీత వెంబడే కట్టుకుంటూ పోయాడు. పుటూ అడ్డం చెబితే, యజమాని మాట అన్నాడు. కడెక్ అప్పుడే జితేంద్రకి చెప్పింది. ఇల్లు కట్టేటప్పుడు పైపు వేయిద్దామక్కా అన్నాడతను. ఆ తర్వాత ఆవిడ రెండు మూడుసార్లు పైపు ఊసెత్తింది. అతను అవునక్కా, అవునక్కా అన్నాడు.

ఇప్పుడు నార్లు పోశారు. నీటి సంఘం గుళ్లో పూజారి నీళ్లొదిలే రోజు చెప్పాడు. శనివారం కింది మళ్లకి నీళ్ల వంతు. గోడ అడ్డంగా ఉంది. నిన్న సభ పెట్టారు. నీళ్లు పారేదాకా పుటూ ఇంటితో ఊరికి మాట బంద్. వాళ్లింటికెవరూ పోరు, వాళ్లని ఎవరూ పిలవరు.

జితేంద్రకి దాన్ని ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ల వైపు ఊళ్లలో కూడా మాట బంద్ పెడతారు. అలా పెట్టిన ఇంటిముందు నుంచి చిన్నప్పుడు తను బడికి పోతూ తల పక్కకి తిప్పుకున్నవాడే.

కడెక్ కప్పు కింద పెట్టింది. కాలువకి అడ్డంగా ఉన్న ఆ కాస్త మేర గోడ తీసెయ్యమని నువ్వొక మాట చెప్పాలి తమ్ముడూ అంది. పుటూ తనంతట తాను ముట్టుకోడు. కాపలా ఒప్పుకున్నాడు గదా.

జితేంద్ర కాదనలేదు. కాదనడం అతనికి రాదు. కాంట్రాక్టరుతో మాట్లాడతాను, మిషనుతో గుండ్రంగా కోయించి పైపు పెట్టిస్తే గోడకీ దెబ్బ తగలదు, నీళ్లూ పోతాయి అన్నాడు. అప్పుడే ఫోను తీసి మెసేజ్ పెట్టాడు. కడెక్ సరేనని లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, అటు తిరిగే అంది.

"డోలు మోగినా వాళ్లింటికి ఎవరూ రారు తమ్ముడూ. మా వదిన నిన్నటినించి పొయ్యి వెలిగించడానికే భయపడుతోంది."

ఆవిడ వెళ్లాక ఉదయశ్రీ గిన్నెలు కడుగుతూ, ఆ నాలుగు ఇటుకలు పీకమని చెబితే ఏం పోయిందంది. జితేంద్ర బాల్కనీ తలుపు లాగి చూస్తున్నాడు.

"ఇయ్యాల సందు ఇస్తే రేపు ఆ సందుల ఎవడో షెడ్డు ఏస్తడు. కొంపల్లిల మా చిన్నాయన జాగ ఎట్ల పోయిందో నీకెరుక లేదా? గోడ ఒక్క దిక్కు కూలింది. కూలిన దిక్కు నుంచే పోయింది జాగ."

"కొంపల్లి గాదది. ఆడ షెడ్డు ఎయ్యనీకి ఎవరున్నరు? జాగ ఇచ్చినోళ్లే గదా."

అతను తలుపు ఇంకోసారి లాగాడు.

*

గురువారం మధ్యాహ్నం కాంట్రాక్టరు జవాబొచ్చింది. కోసే మిషను వేరే ఊళ్లో ఉంది, వచ్చే వారం చూద్దామన్నాడు. జితేంద్ర ఆఫీసు నుంచి పెందలాడే బయల్దేరి, ఇంటికి పోకుండా తోటకి పోయాడు. ఏప్రిల్ నెల. చెట్లు చిగురిస్తున్నాయి గానీ గాలికి ఇంకా పళ్లున్నాయి. శనివారం తోటలో కూడా నీళ్లు వదిలే రోజు. గొట్టాలు చలికి పగిలిపోకుండా చలికాలమంతా పెద్ద వాల్వు కట్టేసి ఉంచుతారు. మళ్లీ తెరిచే రోజున ప్రతి చెక్కలోనూ ఒక మనిషి కొళాయి దగ్గర నిలబడాలని సంఘం నియమం. ఎక్కడ గొట్టం చిట్లి ఉందో నీళ్లొస్తేగాని తెలియదు. చిట్లిన చోట మనిషి లేకపోతే పక్కవాడి చెక్క మునుగుతుంది. జితేంద్ర ఇన్నేళ్లలో ఒక్కసారి రాలేదు. రాలేనివాళ్ల బదులు సంఘం మనిషిని నిలబెట్టే రుసుము కట్టేసి ఆ పొద్దున పడుకునేవాడు. కడెక్ ఒక్కసారి మానలేదు.

పారతో మడి తిరగేద్దామని వంగినవాడికి కాలికేదో తగిలింది. ఆకుపచ్చ రబ్బరు గొట్టం. చలికాలమంతా అక్కడే పడి ఉండి బురద పట్టింది. దాన్ని చుట్టి పక్కన పెడదామని లాగాడు. రాలేదు. లాగుతూ వెంట నడిచాడు. గొట్టం మడి దాటి, కంచె దగ్గరికి పోయి, సందులోంచి దూరి, అటువైపు కడెక్ కొళాయికి బిగించి ఉంది.

నిరుడు ఎండాకాలం తన కొళాయి చెడిపోయింది. బాగు చేసేవాడి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకలేదు. కడెక్ సందులోంచి గొట్టం అందించి, తిప్పుకో తమ్ముడూ అంది. అప్పటినుంచి గోంగూరకీ బెండకీ టమాటాకీ అవే నీళ్లు. ఆవిడ తన మడికి పెట్టుకుని, ఆపకుండా అలాగే వదిలేసి పోయేది. ఇతను సాయంత్రం వచ్చి, మడి తడిసి ఉంటే వాన పడిందనుకునేవాడు.

సందులో దొన్నె లేదు. నిన్నటిది కూడా లేదు. ఎండిన అరిటాకు పీలిక ఒకటి మట్టికి అంటుకుని ఉంది.

జితేంద్ర ఆ గొట్టాన్ని మెల్లగా కింద పెట్టాడు. తర్వాత పార కూడా లోపల పెట్టకుండా ఇంటికొచ్చి, మెట్లెక్కకుండా, కింది వాటా తలుపు తట్టాడు. కడెక్ తలుపు తీసింది. ఉతికిన యూనిఫారాలు మడతేస్తోంది. పగలగొట్టమనక్కా అన్నాడు. మిషను లేదు, ఏమీ లేదు, రేపు పొద్దునే పగలగొట్టమను.

ఆవిడ మొహం ఎలా విప్పారిందో చెప్పడానికి మాటలు చాలవు. అతని చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. అక్కడప్పుడు అర్ధరాత్రి కావస్తోంది, పుటూ పడుకుని ఉంటాడు, లేవగానే వినేలా వాయిస్ మెసేజ్ పెడతానని ఫోను తీసింది. బొత్తం నొక్కబోతుంటే జితేంద్ర చెయ్యి అడ్డం పెట్టాడు.

పోయేకాలం అనాలో, పెరిగిన పద్ధతి అనాలో, ఆ చెయ్యి దానంతటదే లేచింది.

"కాని అక్కా, కింద మాత్రమే. కాలువ పట్టేంత బొక్క చాలు. పైన గోడ అట్లనే ఉండాలని చెప్పు. హద్దు పోవద్దు."

కడెక్ తలూపింది. తన భాషలో గబగబా మాట్లాడింది. అతనికి అర్థం కాలేదు గానీ, ఫోనుకి చెయ్యి కనపడదని మర్చిపోయి ఆవిడ ఎడంచెయ్యి నేలవైపు దించి, కింద, కింద అని చూపించడం కనపడింది. తర్వాత అరచెయ్యి నిలువుగా పెట్టి, పైన ఇలాగే అన్నట్టు ఆపింది. ఆఖర్న నవ్వుతూ ఏదో అంది. ఏమన్నావక్కా అని అడిగాడు. ఒక్కడివే చెయ్యకు అన్నా, పిలిస్తే ఎవరూ రారు గాబట్టి దొంగని తోడు తెచ్చుకో అన్నానంది.

*

శుక్రవారం పొద్దున నిద్రలేచేసరికి ఫోనులో వీడియో ఉంది. పుటూ తనే తీశాడు. గోడ అడుగున ఇటుకలు రెండు వరసలు ఊడదీసి ఉన్నాయి. ఆ చీకటి బొక్కలోంచి, పై మళ్లనుంచి దిగి గోడ వెనక నిలిచిన నీళ్లు ముందు మట్టిరంగులో, తర్వాత తేటగా, గడ్డిపరకలు తోసుకుంటూ వస్తున్నాయి. ఫోను గిర్రున తిరిగి పుటూ మొహం కనపడింది. నెత్తిన తుండు, బుగ్గన బురద, ముందు పళ్లలో ఒకటి లేదు. గోడ మీది సీసా పెంకులు చూపించి, బొటనవేలు పైకెత్తి, మీ సొత్తు పదిలంగా ఉందన్నట్టు నవ్వాడు. ఆయన నవ్వు చూసి బడికి తయారవుతున్న కూతురు రిషిత జర్మన్‌లో, నాన్నా, ఈయనకి పన్ను ఊడింది నాలాగే అంది.

జితేంద్రకి ఆ రోజు ఫ్యాక్టరీలో కాళ్లు నేలమీద ఆనలేదు. క్యాంటీన్‌లో వీడియో అందరికీ చూపించాడు. తను తూములు విప్పుతుంటే వెనక ఊరంతా పారలు పట్టుకుని నిలబడ్డంత ధీమాగా కాలువ కథ చెప్పాడు. ష్వైన్‌ఫర్ట్‌లో చదువుకుని కొత్తగా చేరిన విక్రాంత్, గోడ కూడా ఉంది, నీళ్లూ పోతున్నాయి, రెండు పనులూ అయినయి గదన్నా అన్నాడు. అదే గదరా మన తెలివి అని జితేంద్ర అతని భుజం చరిచాడు. కాఫీ దగ్గర ఇంకోసారి చూశాడు. కారెక్కబోతూ ఇంకోసారి చూశాడు.

సాయంత్రం బిల్డింగులోకి అడుగుపెడితే కింది వాటా తలుపు తీసి ఉంది. ఉదయశ్రీ లోపల నేలమీద కూర్చుని పెట్టెలో బట్టలు సర్దుతోంది. తల ఎత్తి అతనివైపు చూసి, మళ్లీ దించుకుంది. కడెక్ మంచమ్మీద కూర్చుని ఉంది. ఇంకా యూనిఫారంలోనే ఉంది. పొద్దుటి డ్యూటీ అయ్యేదాకా ఫోను బీరువాలో పెట్టి ఉంటుంది. మధ్యాహ్నం తీసి చూసుకుంది.

జితేంద్ర గుమ్మం దాటలేదు. ఆవిడే చెప్పింది. ఆశ్రమంలో ముసలివాళ్ల బంధువులకి చెప్పే గొంతుతో, ఒక్కొక్క మాటా తీసి పక్కపక్కన పెడుతున్నట్టు చెప్పింది.

వీడియో పంపాక పుటూ బొక్క ఇంకొంచెం పెద్దది చేద్దామనుకున్నాడు. అందరి మళ్లూ తడవాలంటే అది చాలదు. పైనుంచి విప్పితే సులువే. గోడ ఎవడు విప్పినా పైనుంచే విప్పుతాడు. కాని పైన ఉండాలన్నారు గదా. బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి పెట్టి, కింది ఇటుకలే లాగాడు. నీళ్లకి పునాది మట్టి నానిపోయింది. వదిన అన్నం మూట తెచ్చి గట్టుమీద దించుతోంది. ఆవిడ కళ్లముందే గోడ నిలువునా వంగింది.

"వదిన చావడికి పరిగెత్తింది. మా ఊళ్లో ఆడది డోలు ముట్టుకోదు. మంచె ఎక్కి కొట్టింది. చేతులు పగిలేలా కొట్టింది. అందరూ విన్నారు. కట్టుబాటు కట్టుబాటే గదా. ఎవరూ గడప దాటలేదు."

ఉదయశ్రీ మడతపెడుతున్న చీరలాంటి బట్ట చేతుల్లో అలాగే ఉండిపోయింది.

"తర్వాత కింది మళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లొచ్చాయని ఒకడు అరిచాడు. నీళ్లు పారితే కట్టుబాటు అయిపోయినట్టే. అందరూ పారలు పట్టుకుని కాలువ వెంబడి పైకి పరిగెత్తారు. అన్నకి ఎదురెళ్లి పలకరిద్దామని. గోడ ఎత్తింది వాళ్లే." కడెక్ ఆగి, ఒళ్లో ఉన్న పేరు బిళ్లని బోర్లించింది. "అప్పటికి ఇంకా వేడిగానే ఉన్నాడట, తమ్ముడూ."

తమ్ముడూ అన్న ఆ మాట అక్కడ ఎందుకొచ్చిందో. అలవాటుగా వచ్చిందో, కావాలని పెట్టిందో. అది రాకపోయి ఉంటే జితేంద్ర నిలబడగలిగేవాడేమో. గడప పక్కన, సరిగ్గా సర్దిన ఆవిడ చెప్పుల పక్కన కూలబడ్డాడు. పొద్దుటినుంచి తను చూసిందీ, పదిమందికి చూపించిందీ ఆ నవ్వునే. క్యాంటీన్‌లో విక్రాంత్ భుజం చరిచినప్పటికే ఆ మనిషి లేడు. ఆ పన్ను ఊడిన నవ్వు తన మాటని పాటించిన సంబరం. సొత్తు పదిలంగా ఉందని చెప్పి, ఫోను జేబులో పెట్టుకుని, మళ్లీ కింద పడుకున్నాడు.

నేనే చంపాను అందామని నోరు తెరిచాడు. ఏ భాషలో అనాలో తెలియలేదు. నేనూ వస్తానక్కా, టికెట్ తీసుకుంటానన్నాడు.

కడెక్ వద్దంది. కోపంగా అనలేదు. అక్కడ ఊరంతా ఉంది, మొయ్యడానికి మనుషులకి కొదవలేదు ఇప్పుడు అంది. తెల్లవారుజామున విమానం. నువ్వు ఇక్కడ ఒక పని చెయ్యాలంది. అతను తలెత్తాడు. ఏ పనైనా చేసేవాడే. కొండ పిండి కొట్టమన్నా మొదలుపెట్టేవాడే.

"రేపు తోటలో నీళ్లొదులుతారు. నా కొళాయి దగ్గర మనిషి ఉండాలి."

*

శనివారం పొద్దున గడ్డిమీద మంచు తెల్లగా ఉంది. కుర్రకారు, ముసలివాళ్లు, ప్రాములో పిల్లల్ని తోసుకొస్తున్న తల్లులు, ఎవరి చెక్కలోకి వాళ్లు పోయి కొళాయిల దగ్గర నిలబడుతున్నారు. ఉదయశ్రీ తమ చెక్కలో నిలబడింది. జితేంద్ర సందులోంచి ఒదిగి, కడెక్ చెక్కలోకి పోయాడు. ఆవిడ మడులు శీతాకాలం ముందే చదును చేసి, ఎండాకు కప్పి ఉంచింది. గొడ్డలి, పార, నీళ్లకుండ, అన్నీ షెడ్డు బయటే గోడకానించి ఉన్నాయి. షెడ్డుకి తాళం లేదు. ఇన్నేళ్లూ లేదని అతనికి ఇప్పుడే తెలిసింది.

ఫోను మోగింది. నిన్న రాత్రి జితేంద్ర కాంట్రాక్టరుకి ఒకే ముక్క రాశాడు, గోడ మొత్తం తీసెయ్యమని. దానికి జవాబు. తీయడానికి ఏమీ లేదు సార్ అని రాశాడు కాంట్రాక్టరు. ఊరివాళ్లు నిన్న పొద్దువాలేలోపే తీసేశారు. మొగాళ్లు విప్పుతుంటే ఆడవాళ్లు చేతులు మార్చుకుంటూ మోశారు. ఇటుకలన్నీ బురద కడిగి, మీ చెక్క మూలన వరసగా పేర్చి పెట్టారు. సీసా పెంకులు పిల్లల కాళ్లకి గుచ్చుకోకుండా ఏరి, విడిగా బుట్టలో పెట్టారు. ఒక్కటి కూడా పోలేదు. మీ వస్తువులు ఎక్కడ పెట్టాలో యజమానిని కనుక్కోమంటున్నారు.

కింద ఫోటో ఉంది. అరటిచెట్టు నీడన నడుమెత్తు ఇటుకల వరస. అంత చక్కగా పేర్చిన ఇటుకలు అతను జన్మలో చూడలేదు. వాటిమీద చిన్న దొన్నె, అందులో నాలుగు పూలు.

జితేంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకోవాలని తోచలేదు.

గేటు దగ్గర కెస్లర్ పెద్ద వాల్వు మీద చెయ్యి వేసి, ఒక్కో చెక్క నంబరే పిలుస్తున్నాడు. ఉన్నవాళ్లు డా అనాలి. ఉన్నాను అని. అందరూ అంటేనే వాల్వు తిరుగుతుంది. అక్కడొక గొంతు, ఇక్కడొక గొంతు, డా, డా అంటూ పిలుపు దారి వెంబడి దగ్గరికొస్తోంది. ఉదయశ్రీ అంది. తర్వాత కడెక్ నంబరు.

కెస్లర్ కళ్లద్దాలు సవరించుకుని ఇటు చూశాడు. మళ్లీ పిలిచాడు. తోటంతా కొళాయిల మీద చేతులు పెట్టుకుని ఆగింది. ఎవరూ విసుక్కోలేదు. ఒక మనిషి జవాబు కోసం అంతమంది అలా ఆగి ఉండటం అతనికి మొదటిసారి.

"డా," అన్నాడు జితేంద్ర.

వాల్వు తిరిగింది. నేల కింద ఎక్కడో గొట్టాలు మూలిగాయి. కొళాయి దగ్గింది, తుప్పునీళ్లు ఉమ్మింది, తర్వాత తేటగా వచ్చింది. బురద పట్టిన ఆకుపచ్చ గొట్టం కదిలి, బిగిసి, గడ్డిలోంచి సందువైపు పోయింది. కాసేపటికి కంచె అవతలినుంచి, ఏడుస్తున్న గొంతుతోనే, ఉదయశ్రీ వచ్చినయి అంది.

అతను వంగి, కొళాయి అడుగున గొట్టం బిగించిన చోట అరచెయ్యి చాపి పట్టుకున్నాడు. ఒక్క చుక్క కారలేదు. అయినా చెయ్యి తియ్యలేదు. మిగతావాళ్లంతా కొళాయిలు కట్టేసి ఇళ్లకి పోయాక కూడా, కెస్లర్ దారి వెంబడి వచ్చి కంచె పక్కన ఏమీ అనకుండా నిలబడ్డాక కూడా, అతను అలాగే వంగి ఉన్నాడు.